బొలోన్యా నగరపు అంగళ్లు

  

 ఇట్టి సభలలో విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. అవి యన్నియు అవసరములే. ఐనను నేడు మేము వేరొక విషయమును మీ సమక్షమున నుంచదలచితిమి. ఈ పందిటిలో కూర్చున్నవారిలో పెక్కండ్ర తాతముత్తాతలు త్రాసును నమ్ముకొని బ్రదికినవారు. పచారీకొట్టో, బట్టలకొట్టో, ధాన్యపు అడితియో లేని కుటుంబము మనలో నరుదు. ఆ కొట్టు నిలుచునా, మూతపడునా యను ప్రశ్న నేడు ఇంటింటను వినవచ్చుచున్నది. ఒకప్రక్క అంతస్తులమీద అంతస్తులుగా లేచిన పెద్ద అంగళ్లు; వేరొకప్రక్క చేతిఫోనులో కోరినంతనే నిమిషములమీద సరకును గుమ్మముకడకు చేర్చు కంపెనీలు. నడుమ మన చిల్లరకొట్టువాడు గల్లాపెట్టెముందు చేతులు ముడుచుకొని కూర్చున్నాడు.

ఈ చిక్కు మన యొక్కరికే వచ్చినది కాదు. ఇటలీదేశమున బొలోన్యా యను పట్టణమందు మేము కొన్ని మాసములు నివసించి, దినదినమును సంచి చేతబట్టుకొని అంగళ్లకు పోయి, సరకులు కొని, వంట చేసికొంటిమి. అచ్చటి చిన్న వర్తకుడు ఏవిధముగా నిలిచినాడో, ఎచ్చట ఓడినాడో కన్నులార చూచితిమి. చూచినదానిలో మనకు పనికివచ్చు భాగమును విన్నవించుటయే మా యుద్దేశము.

బొలోన్యా ఉత్తర ఇటలీలో ఎమీలియా-రొమాన్యా మండలమునకు ముఖ్యపట్టణము. 1088వ సంవత్సరమున స్థాపింపబడినదని చెప్పుకొను విశ్వవిద్యాలయము గల విద్యాక్షేత్రము. చుట్టును పో నదీమైదానము. పాడియు, గోధుమయు, పండ్లతోటలును సమృద్ధిగా గల నేల. అందుచేత ఆ నగరమునకు భోజనప్రియుల పట్టణమని ప్రతీతి గలిగినది. ఊరంతయు వీధులకు ఇరుప్రక్కల కప్పుగల నడవలతో నిండియున్నది. 1288వ సంవత్సరపు నగరశాసనము ప్రకారము క్రొత్తగా ఇల్లు కట్టువాడు తన స్థలమునందే వీధివైపున నడవ విడువవలయును. స్థలము అతనిది, నడచు హక్కు అందరిది. ఈ నడవలన్నియు కలిపిన 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కోవారు వీనిని ప్రపంచవారసత్వ సంపదలలో చేర్చిరి. మన పాతయిండ్ల వీధియరుగు బాటసారికి ఎట్లు ఉపకరించెడిదో, ఈ నడవయు అట్లే ఉపకరించును. వానయైనను మంచైనను కొనువాడు తడియకుండ ఒక కొట్టునుండి మరియొక కొట్టునకు పోగలడు. వర్తకమునకు ఇంతకంటె మేలైన వసతి వేరొకటి యుండదు.

నగరమధ్యమున పియాజ్జా మజ్జోరె యను గొప్ప చౌకము గలదు. దాని తూర్పుప్రక్కనున్న సన్నని వీధుల గుంపునకు క్వాద్రిలాతెరో, అనగా చతుష్కోణమని పేరు. మధ్యయుగమునుండి అది అంగడివీధి. వీధుల పేర్లే ఆ సంగతిని చాటుచున్నవి. ఒకటి బట్టలవారి వీధి, ఒకటి కంసాలుల వీధి, ఒకటి తాళములు చేయువారి వీధి, ఒకటి పాత చేపలబజారు. ఆ వృత్తులలో కొన్ని ఆ వీధులను విడిచిపోయినవి గాని పేర్లు పోలేదు. మన పట్టణములలోను వృత్తుల పేర్లతో వీధులు గలవు గదా! అచ్చటికి సమీపముననే మెర్కాంత్సియా యను వర్తకసౌధము గలదు. అది 14వ శతాబ్దపు చివర కట్టబడినది. ఆకాలమున వర్తకుల తగవులు అచ్చట తీర్చెడివారు. నేడును ఆ సౌధమందే వర్తకమండలి కార్యాలయము నడచుచున్నది. ఈ వీధులుగాక, 1910లో తెరవబడి, యుద్ధములో బాంబులకు దెబ్బతిని, 1949లో మరల తెరవబడిన ‘మెర్కాతో దెల్లె ఎర్బె’ యను కప్పుగల కూరగాయల బజారు వేరుగ నున్నది.

ఇక కొనుగోలు విధము. కూరగాయల దుకాణమున కొనువాడు సరకును చేతితో ముట్టరాదు. ఇది మనవారికి మొదట వింతగా తోచును. వంకాయను నొక్కి చూడకుండ, బెండకాయ కొన విరువకుండ కొనుట మనకు అలవాటు లేదు. అచ్చట కావలసినది చెప్పవలయును. దుకాణదారుడే ఏరి యిచ్చును. ఏరుటలో మోసము చేసినయెడల ఆ మనుజుడు మరల రాడని అతనికి తెలియును గనుక ఆ భారమును తనమీద వేసికొనును. కర్బూజపండు నడిగితిమేని ‘నేటికా? రేపటికా?’ అని ప్రశ్నించును; నేటికైన పండినది, రేపటికైన దోరది యిచ్చును. ఒక పండు వెనుక ఇంత శ్రద్ధ! పెద్ద అంగడిలో ఈ ప్రశ్న నడుగువాడెవడు?

మాకు మిక్కిలి సంతోషము గలిగించిన ఆచారము మరియొకటి. కూరలు తూచి సంచిలో వేసినపిమ్మట, అమ్మువాడు గుప్పెడు కొత్తిమీరవంటి ఆకును, ఒక సెలరీ కాడను, ఒక క్యారెట్టును ఊరక పైన వేయును. వీనికి ‘ఓదోరి’ యని పేరు. అనగా సువాసన నిచ్చునవి. మన బజారులో కూరలు కొన్నపుడు కరివేపాకు రెబ్బ కొసరు వేయుట లేదా? సముద్రములకు ఆవలనున్న ఆ ఊరిలో మన కొసరును చూచి మేము నవ్వుకొంటిమి. వర్తకుడు కొసరువలన నష్టపడడు. ధరలో తగ్గింపు మనసున నిలువదు గాని చేతికి వచ్చిన రెబ్బ నిలుచును.

జున్నులు మున్నగు వస్తువులమ్ము కొట్టులో జనము ఎక్కువగా నున్నపుడు ద్వారముకడ నుండు చిన్నయంత్రమునుండి సంఖ్యగల చీటీ లాగికొని వంతుకొరకు నిలువవలయును. ధనికుడైనను కూలివాడైనను చీటీ వరుసయే వరుస. అచ్చట చిల్లరసరకు ‘ఏత్తో’ల లెక్కన అడుగుదురు, ఏత్తో యనగా 100 గ్రాములు. మన పెద్దలు వీశె, పలము అని యడిగినట్లు వారు రెండు ఏత్తోలు, మూడు ఏత్తోలు అని యడుగుదురు. ఇద్దరు మాత్రమే యున్న ముసలిదంపతులు ఒక్క ఏత్తో జున్ను నడిగినను దుకాణదారుడు మొగము ముడువక, పలుచగా కోసి, కాగితమున పొట్లము కట్టి యిచ్చును. చిన్న బేరమును గౌరవించుటయే చిన్న అంగడికి బలము. సంచికట్టిన సరకు నమ్ము పెద్ద అంగడి ఈ పని చేయలేదు.

తూనికను గూర్చి కొంత విస్తరింపవలసి యున్నది. ఏలయన అది మన వృత్తికి ప్రాణము. పియాజ్జా మజ్జోరె ప్రక్కనున్న నగరసభాభవనపు గోడమీద పూర్వకాలపు బొలోన్యా కొలతలు రాతిలో చెక్కి యున్నవి. అడుగు, మూర, కోల మొదలగు పొడవుకొలతలతోపాటు ఇటుక, పెంకు ఎంతెంత ప్రమాణముండవలయునో ఆ గోడయే చెప్పుచున్నది. గుడ్డ కొన్నవాడు అనుమానము గలిగినచో అచ్చటికి పోయి కొలిచి చూచుకొనవచ్చును. కొలత వర్తకుని పెట్టెలో దాగియుండక పదిమంది నడచు చౌకములో బయలుపడి యుండెను. 1861లో ఇటలీ యేకరాజ్యమైన వెంటనే మెట్రిక్కు తూనికలను శాసించిరి. మనదేశమున 1956వ సంవత్సరపు చట్టముచేత 1958నుండి అవి యమలులోనికి వచ్చినవి. మన పెద్దలలో కొందరు వీశె, సేరు, మానిక, సోల, గిద్దలను విడిచి కిలోగ్రాముకు మారిన దినములను ఇంకను చెప్పుచుందురు.

ఇటలీవారు అంతటితో నూరకుండలేదు. 1981లో 441వ సంఖ్యగల చట్టమును చేసి, సరకును దాని నికరపు బరువుకే అమ్మవలయునని నిర్ణయించిరి. అనగా పొట్లపు కాగితము బరువును గూడ తీసివేసి ధర కట్టవలయును. జున్నుతోపాటు మందపుకాగితమును తూచి, ఆ కాగితమునకు జున్ను ధర పుచ్చుకొను మాయ దీనితో చట్టవిరుద్ధమైనది. పండ్లు, కూరగాయలమీద ధరతోపాటు అవి పండిన దేశమును గూడ వ్రాసి యుంచుట విధి. రసీదు సంగతియు అట్లే. 1983నుండి దుకాణదారుడు యంత్రపు రసీదు ఇచ్చితీరవలయునని చట్టమేర్పడినది. కొన్నేండ్లవరకు రసీదు తీసికొనని కొనుగోలుదారునకు గూడ జరిమానా యుండెను. 2003లో ఆ జరిమానాను ఎత్తివేసిరి. వర్తకులు మొదట ఈ చట్టములకు గొణిగియుండవచ్చును. కాని తూనికయందు నమ్మకము గలచోట చిన్న అంగడికే మేలు. అనుమానము గలచోట జనులు అచ్చుధర వేసిన మూటకొరకు పెద్ద అంగడికి పరుగిడుదురు.

తూనిక తరువాత చెప్పదగినది సరకు పేరు. ఆ మండలమున పుట్టిన పార్మిజానో రెజ్జానో యను జున్ను లోకప్రసిద్ధము. ఒక్కొక్క చక్రము సుమారు 40 కిలోగ్రాములుండును. దానికి సుమారు 500 లీటర్లకు పైబడిన పాలు కావలయును. కనీసము 12 మాసములు నిలువయుంచి, పరీక్షింపబడి, ముద్ర పడినగాని ఆ పేరు చెల్లదు. కొట్టులో ఇరువదినాలుగు మాసములది, ముప్పదియారు మాసములది అని వేరువేరుగ పేర్చి, అడిగినవానికి చిన్న ముక్క రుచి చూపుదురు. గ్రుడ్లు కలిపిన పిండిని పలుచగా ఒత్తి కోసిన ‘తల్యతెల్లె’ యను పట్టీలు బొలోన్యా వంటకము. వండినపిమ్మట దాని వెడల్పు 8 మిల్లీమీటర్లుండవలయునని నిర్ణయించి 1972లో ఆ కొలతను వర్తకమండలిలో దాఖలు చేసిరి! మనకు నవ్వు వచ్చును, మేమును నవ్వితిమి. కాని వంటింటి పట్టీకి కూడ ప్రమాణము నేర్పరచుకొన్నవారి సరకునకే లోకమున పేరు నిలిచినదని మరువరాదు. ‘మొర్తదెల్లా’ యను మాంసపదార్థము మన సభ్యులలో పలువురకు వర్జ్యమేయైనను, వర్తకనీతిచరిత్రకై దానిని పేర్కొనుచున్నాము. దాని తయారీని గూర్చి 1661లోనే ఆ నగరపు పాలకుడైన కార్డినల్ ఫార్నేసె శాసనము ప్రకటించెను. కల్తీని అరికట్టుట నూతన నాగరికతయని మనము భ్రమపడుచున్నాము. మూడువందల యేండ్లకు పూర్వమే వారికి ఆ స్పృహ యుండెను.

ఈ సందర్భమున వర్తకులు ప్రత్యేకముగా వినదగిన విశేషమొకటి. జున్ను చేయువాడు అమ్మకమునకు ఏడాది, రెండేండ్లు వేచియుండవలయును. అంతవరకు పాలవారికి సొమ్మెట్లు చెల్లించును? క్రెదితో ఎమిలియానో యను బ్యాంకు జున్నుచక్రములనే తాకట్టుగా పుచ్చుకొని అప్పిచ్చుచున్నది. ఆ చక్రములను తన యనుబంధసంస్థ గోదాములలో బీరువాలవలె ఎత్తైన వరుసలుగ పేర్చి, పక్వమగువరకు తిరుగవేయుచు, తుడుచుచు కాపాడును. అప్పు తీరలేదేని జున్నునమ్మి రాబట్టుకొనును. ధాన్యపుగోదాము రసీదుమీద అప్పిచ్చు పద్ధతి మనకును క్రొత్తది కాదు. ఐనను మన మిర్చియు, మన పసుపును, మన బెల్లమును ఇంత నమ్మకముగా తాకట్టుకు తగుట కెంతటి నాణ్యనిర్ణయము కావలయునో యోచింపుడు.

ఇంతవరకు మేలు చెప్పితిమి. కీడును దాచరాదు. మేము చూచిన క్వాద్రిలాతెరో వీధులలో కూరగాయలమ్ము పాతకొట్లు పలుచబడుచున్నవి. యాత్రికులు వేలకొలది వచ్చుచుండుటచే, ఒక చెక్కపలకమీద జున్నుముక్కలును మాంసపుముక్కలును పేర్చి, బల్లలవద్ద వడ్డించు భోజనశాలలు ఆ స్థానమును ఆక్రమించుచున్నవి. ఒక కిలో వంకాయలమీద వచ్చు లాభమెంత? ఆ పలకమీద వచ్చు లాభమెంత? అద్దెలు పెరిగినవి. ముసలి దుకాణదారునకు వారసుడు లేడు. కొడుకు చదువుకొని ఉద్యోగమునకు పోయినాడు. ఈ మాట వినుచున్నపుడు మాకు మన ఊళ్లే కనుల ముందు నిలిచినవి. ఊరివాడు కొనుటకు పోయినచోట యాత్రికుడు చూచుటకు వచ్చినచో అంగడి ప్రదర్శనశాలగా మారును. ఆ నగరపు వెలుపల 2017లో అపారధనముతో ఆహారపదార్థములకై మహాప్రదర్శనక్షేత్రమొకటి తెరచిరి. ఆశించినంత జనము రాలేదు. 2024లో పేరు మార్చి మరల తెరువవలసివచ్చినది. కోట్లు పోసినను అంగడివీధిని కట్టలేమని దానివలన తేలినది.

1998వ సంవత్సరపు శాసనమొకటి ఇటలీలోని చిల్లరవర్తకపు పాత అనుమతిపద్ధతిని సడలించినది. పదివేలకు మించిన జనసంఖ్యగల ఊళ్లలో 250 చదరపు మీటర్లవరకు గల చిన్న అంగడిని తెరచుట సులభమైనది. ఆ ద్వారముననే క్రొత్తవారు ప్రవేశించిరి. నేడు బొలోన్యాలో రాత్రి ప్రొద్దుపోయినదాక తెరచియుండు పండ్లకొట్లలోను, చిల్లరకొట్లలోను అనేకములు బంగాళాదేశమునుండియు, పాకిస్థానమునుండియు వచ్చినవారివి. పో మైదానమందలి పశుశాలలలో పంజాబునుండి వచ్చిన సిక్కులు ఎందరో పాడిపని చేయుచున్నారు. లోకప్రసిద్ధమైన ఆ జున్ను వెనుక వారి శ్రమయు నున్నది. స్థానికుని కుమారుడు విడిచిన త్రాసును దూరదేశస్థుడు చేతబట్టినాడు. పప్పు, బియ్యము, పసుపు, మిరపకాయ వలసినపుడు మేము పోయినది ఆ కొట్లకే. చదువుకై ఇటలీకి పోవుచున్న మన పిల్లలకును అవియే దిక్కు. చిల్లరవర్తకములో బ్రదుకు లేదను మాట నిజమైనయెడల వీరెట్లు బ్రదుకుచున్నారు? కష్టపడుటకు మనకు ఓపిక తగ్గినదేమో విచారించుకొనవలయును.

మరియొక యుదాహరణము ఆశాజనకమైనది. 1962లో ఈ బొలోన్యాలోనే చిన్న చిల్లరవర్తకులు సహకారపద్ధతిని ‘కొనాద్’ అను సమాఖ్యను స్థాపించుకొనిరి. ఎవని కొట్టు వానిదే. కాని టోకుకొనుగోలు ఉమ్మడి. విడివిడిగా పది బస్తాలు కొన్నవానికి దొరకని ధర, కలసి పదివేల బస్తాలు కొన్నవారికి దొరకినది. నేడది ఇటలీదేశపు మహావర్తకసంస్థలలో నొకటి. దాని పెద్ద అంగళ్లే నేడు కొన్నిచోట్ల చిన్నకొట్లకు పోటీయైనవన్నమాట యథార్థమే; ఐనను మూలమున అది చిల్లరవర్తకుల ఐకమత్యఫలము. అట్లే శనివారమునాడు ఆ నగరపు చలనచిత్రభాండాగారము ప్రక్క ముంగిటిలో రైతులే స్వయముగా తెచ్చి అమ్ము సంత జరుగును. మన ఆంధ్రదేశమున 1999లో ఆరంభింపబడిన రైతుబజారులకు అది తోబుట్టువు. ఇక 1465నాటిదను ఒక పానశాల క్వాద్రిలాతెరో సందులో గలదు. అచ్చట పానీయము తప్ప తినుబండారములు అమ్మరు. వచ్చువారు ప్రక్కకొట్లలో రొట్టెయు జున్నును కొనితెచ్చుకొని కూర్చుండి తినవచ్చును. ఒక అంగడి తన లాభముతోపాటు ఇరుగుపొరుగు అంగళ్ల లాభమును గూడ కోరుట యనగా నిదియే.

సోదరులారా! ఇపుడు మన కర్తవ్యమును సంగ్రహముగా మనవి చేయుదుము.

మొదటిది: తూనిక, ధర, సరకు పుట్టిన చోటు బహిరంగముగా నుండవలయును. ధర వ్రాసిన పలక లేని కొట్టులోనికి నేటి యువతి అడుగుపెట్టదు.

రెండవది: పేరుగల సరకునకు పేరు నిలుపవలయును. దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి, బందరు లడ్డు అని పిలిచి కల్తీ యమ్మినయెడల ఆ నష్టము కొన్నవానికి మాత్రమే కాదు, ఆ ఊరికిని, మన వృత్తికిని.

మూడవది: ఉమ్మడి కొనుగోలు. ప్రతి పట్టణమందును పది యిరువది కొట్లవారు కలసి టోకుసరకును ఒక్కచోట కొనుట అసాధ్యము కాదు. ఈ విషయమున కులభేదమును పాటించుట పనికిరాదు. వీధిలో కొట్టున్న ప్రతివాడును ఈ కష్టములో మనకు భాగస్వామియే.

నాలుగవది: మన స్త్రీపురుషులకు, కొనుగోలుదారులుగా. ఊరిలో కొట్టు మూతపడినదని విచారించువాడు ఆ కొట్టులో కడపట ఎపుడు కొన్నాడో స్మరింపవలయును. పండుగచందాకు, గుడిచందాకు, ఈ సభ చందాకు మనము పోవునది ఆ కొట్టువానికడకే. వాడు అరువిచ్చినపుడు మనము మంచివాడందుము. రొక్కము చేతికందినపుడు పెద్ద అంగడికి పోవుదుము. ఇది న్యాయమా?

మన పిల్లలు కొట్టులో కూర్చుండుటకు సిగ్గుపడుచున్నారు. వారిని బలవంతపెట్టుమని మేము చెప్పుటలేదు. చదువుకొన్నవాడు కొట్టును మరింత బాగుగా నడపగలడని మాత్రము వారికి చూపవలయును. బొలోన్యాలో జున్నును పలుచగా కోయు మనుజుడు తన సరకును గూర్చి ఒక పండితుడు శాస్త్రమును గూర్చి చెప్పునంత శ్రద్ధతో చెప్పును. ఆ శ్రద్ధను అతడు సిగ్గుగా నెంచలేదు. మన త్రాసును మన పిల్లలకు అప్పగించునపుడు దానితోపాటు ఆ గౌరవమును గూడ అప్పగింపుడని ప్రార్థించుచున్నాము.